పచ్చి జాడీ మీద డ్రాగన్

రెండుసార్లూ డాక్టరు ఒకే మాట చెప్పింది. "కారణం అంటూ ఏమీ లేదు. మీరు చేసిన తప్పేమీ లేదు. ఒక్కోసారి ఇలా జరుగుతుంది, అంతే." మొదటిసారి ఆ మాట విని ఏడ్చాను. రెండోసారి ఒళ్ళు మండిపోయింది. ఇంత పెద్ద ఆసుపత్రి, ఇన్ని మిషన్లు, ఇన్ని సూదులు, తీరా చూస్తే కారణం లేదట! నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసే మనిషిని. ప్రోగ్రామ్ మధ్యలో ఆగిపోయింది, కారణం లేదు అని నేను రాసిస్తే మా మేనేజరు ఊరుకుంటాడా? నా కడుపులో బిడ్డ ఆగిపోతే మాత్రం అందరూ ఊరుకోవాలి.

ఆ రెండో బిడ్డ పోయిన చలికాలం షికాగో పక్కన మా షామ్‌బర్గ్‌లో మంచు విడవకుండా కురిసింది. నాకు ఇంట్లోంచే పని. మావారు రైలెక్కి షికాగో ఆఫీసుకి వెళ్ళేవారు. మీటింగుల్లో కెమెరా ఆఫ్ చేసుకుని ఏడవడం, పేరు పిలవగానే ముక్కు తుడుచుకుని "యెస్, ఐ కెన్ హియర్ యు" అనడం, ఇదీ నా ఉద్యోగం. సాయంత్రం ఆయనొచ్చి "తిన్నావా?" అనేవారు. తిన్నాననేదాన్ని. ఆయన నమ్మేవారు కాదు, కానీ ఇంకో ప్రశ్న అడగడానికి భయపడేవారు. ఒకరి కంట ఒకరు పడకుండా తిరిగేవాళ్ళం ఆ ఇంట్లో.

ఒకరోజు కరివేపాకు కోసం ఇండియన్ స్టోర్‌కి వెళ్ళాను. ఆ షాపుల వరస చివర ఒక చిన్న గది, అద్దాల తలుపు, పైన చైనా అక్షరాలు. అద్దం వెనక ఒక బొమ్మ వేలాడుతోంది. చైనా బొమ్మలంటే నాకు తెలిసినవి రెస్టారెంట్ వాళ్ళిచ్చే క్యాలెండర్ మీదివే. కొండలు, వెదుళ్ళు, ఒంటికాలి మీద కొంగ. ఇది అది కాదు. ఇది మేం కారు పెట్టుకునే పార్కింగ్ లాటే. లైటు స్తంభాలు, మంచు తోసే బండి పక్కకి నెట్టిన గుట్టలు, ఎవరో వదిలేసిపోయిన షాపింగ్ కార్టు ఒకటి. అంతా నల్ల సిరాతోనే. దగ్గరికెళ్ళి చూస్తే మంచు అసలు వెయ్యనేలేదు. ఉత్త కాగితం అలా వదిలేశారు. వదిలేసిందే మంచయి కూర్చుంది. కరివేపాకు సంచి పట్టుకుని ఆ కార్టు వంక చూస్తూ ఎంతసేపు నిలబడ్డానో, లోపలినుంచి ఒకావిడ తలుపు తీసి పట్టుకుంది. "చలి లోపలికొస్తోంది. వస్తావా, ముయ్యనా?" అంది.

ఆవిడే టీచరు. యాభై దాటిన మనిషి, పొట్టిగా కత్తిరించిన జుట్టు, మగవాళ్ళ స్వెటరు, చేతులకి ఎప్పుడూ తెల్లమట్టి. చైనాలో పింగాణీకి పేరుపడ్డ ఊళ్ళో పుట్టిందట. కాగితం మీద సిరాబొమ్మలూ, పింగాణీ మీద బొమ్మలూ రెండూ నేర్పేది. ఆవిడ ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ రెండూ అరువు తెచ్చుకున్నవే, అందుకే మా ఇద్దరికీ డొంకతిరుగుడు మాటలు రావు. "ఎందుకు నేర్చుకుంటావు?" అని అడిగింది. "ఇంట్లో ఉండలేకపోతున్నాను" అన్నాను. అయితే సరేనని ఒక సిరాకడ్డీ నా చేతిలో పెట్టి, రాయి మీద కాసిని నీళ్ళు చిలకరించి నూరమంది. గంధంచెక్క సాన మీద అరగదీసినట్టే. ఆ పూటంతా అదే పని. ఇంటికొచ్చాక చూసుకుంటే ఆ రోజు ఏడవలేదు.

నాది ముగ్గుల చెయ్యి. చిన్నప్పుడు మా ఊళ్ళో క్రిస్మస్‌కి చర్చి వాకిట్లో నక్షత్రాల ముగ్గు పెట్టేది నేనే. ముగ్గులో గీత తెగకూడదు. ఎక్కడ మొదలెట్టామో అక్కడికి తెచ్చి కలపాలి. ఆ అలవాటు కొద్దీ కాగితం మీద కూడా ప్రతి గీతా తెచ్చి కలిపేసేదాన్ని. కాస్త జాగా కనబడితే చాలు, అందులో ఓ కొమ్మో పిట్టో దూర్చేదాన్ని. టీచరు తల పట్టుకునేది.

"అన్నీ ఎందుకు మూసేస్తావు? ఖాళీ చూస్తే నీకేం భయం?"

"ఖాళీగా వదిలేస్తే మా ఊళ్ళో బద్ధకస్తురాలంటారు."

ఆవిడ పకపకా నవ్వి ఇంకో కాగితం ఇచ్చేది. ఆ కాగితం తడి తగలగానే సిరా పీల్చేస్తుంది. తుడవడం, దిద్దడం కుదరదు. తప్పు పడితే పడినట్టే, దాన్ని వెంటపెట్టుకునే ముందుకెళ్ళాలి.

ఆవిడ వేసేవన్నీ మా చుట్టుపక్కలవే. హైవే మలుపులు, కరెంటు టవర్లు, ఆఫీసుల ముందు పచ్చికలో పెత్తనం చేసే బాతులు. కాగితం మీదా అవే, పళ్ళేల మీదా అవే. వాళ్ళ ఊరి పద్ధతిలో పింగాణీని కాల్చకముందే, మట్టి పచ్చిగా ఆరి ఉన్నప్పుడే బొమ్మ వేస్తారు. ఆ పచ్చి పాత్ర అప్పడం కంటే పెళుసు. కుంచె ఆనగానే తడి లాగేస్తుంది, కాస్త తటపటాయిస్తే అక్కడో మరక. పైగా వేసేటప్పుడు ఆ రంగు పొయ్యిలో బూడిదలాగే ఉంటుంది. బట్టీలో కాలి బయటికొచ్చాకే నీలం. "ఎంత నీలం వస్తుందో వేసేటప్పుడు ఎలా తెలుస్తుంది?" అని అడిగాను. "తెలియదు" అంది. ఈవిడ కూడానా అనుకున్నాను. కానీ ఆవిడ నోట ఆ మాట వింటే ఎందుకో కోపం రాలేదు.

చలికాలం చివర్లో మళ్ళీ నెల తప్పింది. బాత్‌రూమ్ గుమ్మంలో ఇద్దరం ఆ పరీక్ష పుల్ల వంక చూస్తూ నిలబడ్డాం. సంతోషమా? ఎక్కడి సంతోషం! భయం, అంతే. "ఎవరికీ చెప్పకండి. ఐదో నెల వెళ్ళేదాకా మీవాళ్ళకీ వద్దు, మావాళ్ళకీ వద్దు. చర్చిలో అసలే వద్దు" అన్నాను. వెనక రెండుసార్లూ చర్చిలో అందరికీ తెలుసు. అందరూ ప్రార్థన చేశారు, ఆ తర్వాత అందరూ జాలిపడ్డారు. ఆ జాలి మళ్ళీ మోసే ఓపిక నాకు లేదు. ఆయన నా నెత్తిమీద చెయ్యి పెట్టి "నీ మీద ఒట్టు" అన్నారు. విశ్వాసులం, ఒట్లు వెయ్యకూడదు. అయినా వేశారు.

టీచరుకి మాత్రం చెప్పాల్సొచ్చింది, ఆ మట్టి దుమ్మూ రంగులూ నాకు పడతాయో లేదో కనుక్కోవాలి కదా. చెప్పీ చెప్పగానే ఆవిడ నన్ను బట్టీ గదిలోంచి ఒక్క తోపు తోసింది. "ఈ గుమ్మం దాటావంటే కాళ్ళు విరగ్గొడతాను. గ్లౌజులు లేకుండా రంగు ముట్టుకోకు." తర్వాత నెమ్మదించి, ఎప్పుడని అడిగింది. నవంబరన్నాను. ఆవిడ ముఖం వెలిగిపోయింది.

"అయితే డ్రాగన్ సంవత్సరం బిడ్డ! మా వాళ్ళు ఈ సంవత్సరం కోసం కాచుకుని మరీ కంటారు."

"ఆ సంవత్సరం పిల్లలు క్షేమంగా పుడతారా?"

నేనడిగిన తీరుకి ఆవిడ కుంచె కింద పెట్టేసింది. అబద్ధం చెప్పినా నేను కాదనే స్థితిలో లేను. "నాకు తెలియదు. మా అమ్మ నమ్మేది" అంది.

"మీ అమ్మ నమ్మకం నాక్కాస్త పెట్టండి" అన్నాను. నవ్వుతూ అందామనుకున్నాను, కుదరలేదు.

అలా వచ్చింది ఆ జాడీ. ఆవిడే కుమ్మరి సారె మీద చేసింది. రెండు చేతుల మధ్య సరిగ్గా పట్టేంత, పైన మూతతో. దాని మీద నన్ను డ్రాగన్ వెయ్యమంది. నోరు తెరిచి నిప్పులు కక్కేది కాదు, జాడీ చుట్టూ ముడుచుకుని తన తోక మీద తనే తల పెట్టుకుని నిద్రపోయేది. దాని ఒంటి మీదుగా ఇక్కడి కరెంటు తీగలు, మధ్యమధ్య ఏమీ వెయ్యని తెలుపు, అంటే మంచు. డ్రాగన్‌కి కళ్ళు ఆఖరున పెట్టడం వాళ్ళ ఆచారం. కళ్ళు పెడితేనే దానికి ప్రాణం. "బిడ్డ పుట్టాక నీ చేత్తో కళ్ళు తెరిపించు. అప్పుడు కాలుద్దాం" అంది టీచరు. అందుకని జాడీ అన్నాళ్ళూ పచ్చిగానే ఉండాలి.

మూడో నెల చివర రక్తం కనబడింది. ఆసుపత్రికి పరిగెత్తాం. ఆ చీకటి గదిలో నర్సు పొట్ట మీద మిషన్ జరుపుతున్నంతసేపూ నేను తెర వంక చూడలేదు, మావారి ముఖమే చూశాను. ఆయన ముఖం ఒక్కసారిగా సడలింది. గుండె కొట్టుకుంటోంది. బరువులెత్తొద్దు, ఎక్కువ తిరగొద్దు, విశ్రాంతిగా ఉండమని పంపేశారు. ఎందుకొచ్చింది రక్తం అంటే డాక్టరు ఏం చెప్పి ఉంటుందో మీరే ఊహించుకోండి.

నేను క్లాసుకి రాలేనని తెలిసి టీచరే జాడీని తువ్వాళ్ళలో చుట్టి, పక్క సీట్లో సీటుబెల్టు పెట్టి, కారు ఎద్దుబండిలా నడుపుకుంటూ మా ఇంటికి తెచ్చింది. డైనింగ్ టేబుల్ మీద పెట్టాం. మావారు అటూ ఇటూ చూసి "ఏంటిది, ఆవకాయకా?" అన్నారు. నేను నవ్వాను. ఆయన నా నవ్వు చూసి తనూ నవ్వారు. ఎన్నాళ్ళయిందో ఆ ఇంట్లో నవ్వు వినిపించి. అప్పట్నుంచి రోజూ ఆఫీసు పని కాగానే దిండు ఆనుకుని కూర్చుని డ్రాగన్ ఒంటి మీద పొలుసులు వేసేదాన్ని. తొందర లేదు, నవంబరు దాకా వెయ్యాలి. పొలుసు వేస్తూ కడుపులో బిడ్డతో మాట్లాడేదాన్ని. "ఇదిగో, ఇది నీ వీపు. ఇదిగో, ఇది నీ మెడ. కదలకుండా పడుకో తల్లీ, ఇంకా బోలెడుంది." ఆ దిక్కుమాలిన ఏడాది మొత్తంలో నేను బతికున్నదేమైనా ఉందంటే ఆ సాయంత్రాలే.

నాలుగో నెలలో మళ్ళీ కొంచెం రక్తం కనబడింది. ఈసారి మావారు నాకు చెప్పకుండా పాస్టరుగారి భార్యకి ఫోన్ చేశారు.

మా తెలుగు చర్చిలో ఆవిడని అందరం అమ్మగారనే అంటాం. చెడ్డమనిషి అని నేననను. వెనక రెండుసార్లూ నాకు పథ్యం వండి తెచ్చింది ఆవిడే, నా జడ వేసింది ఆవిడే. ఆ శనివారం మధ్యాహ్నం చారు గిన్నె పట్టుకుని, వెనక ఇద్దరు సిస్టర్స్‌ని వెంటబెట్టుకుని వచ్చింది. తలుపు తీయగానే నాకు అర్థమైపోయింది. మావారి వంక చూశాను. ఆయన చెప్పులు సర్దడం మొదలెట్టారు.

"వందనాలమ్మా. లేవకు లేవకు, పడుకో. మాకు చెప్పకుండా ఎన్నాళ్ళు దాస్తావు తల్లీ? మేం పరాయివాళ్ళమా?" అంటూ లోపలికొచ్చి, చారు గిన్నె పెడదామని డైనింగ్ టేబుల్ దగ్గరికి నడిచింది. అక్కడ ఆగిపోయింది.

"ఇదేంటమ్మా?"

"జాడీ అండి. నేనే బొమ్మ వేస్తున్నా."

"పామా?"

"పాము కాదండి, డ్రాగన్. మా టీచర్ వాళ్ళ దేశంలో అది మంచికి గుర్తు."

వెనకనున్న ఒక సిస్టరు మెల్లగా అంది, "ఘటసర్పం కదా అమ్మగారూ."

కనబోతున్న తల్లి ఎదురుగా, బిడ్డ పుట్టగానే మింగేద్దామని కాచుకుని కూర్చున్న బైబిల్లోని ఘటసర్పం సంగతి సండే స్కూల్లో కంఠతా చెప్పి నేను బహుమతి కూడా తెచ్చుకున్నాను. చెబితే నమ్మరు గానీ, ఆ ఘటసర్పమూ ఈ డ్రాగనూ ఒకటేనన్న ఆలోచన అంతవరకూ నాకు తట్టలేదు. అది మా ఊరి చర్చిలో ఉండేది, ఇది టీచరు వాళ్ళ ఊళ్ళో ఉండేది. రెండూ ఎప్పుడూ ఎదురుపడలేదు. ఇప్పుడు నా డైనింగ్ టేబుల్ మీద పడ్డాయి.

"కడుపుతో ఉన్న మనిషి ఇంట్లో ఘటసర్పాన్ని పెట్టుకుంటుందా అమ్మా?" అమ్మగారి కళ్ళలో నిజంగానే నీళ్ళు తిరిగాయి. "అది ఎవరికోసం కాచుకుంటుందో నీకు వేరే చెప్పాలా? రెండుసార్లు దెబ్బ తిన్నావు. ఇంకా బుద్ధి రాలేదా తల్లీ?"

"ఆ రెండుసార్లూ ఈ జాడీ లేదండి" అన్నాను. నా నోరు ఊరుకుంటే కదా.

"జాడీ లేదు. తలుపు తెరిచి ఉంది. ఇప్పుడు సాతాను నేరుగా లోపలికొచ్చి కూర్చున్నాడు."

ఆవిడ దగ్గర ప్రతిదానికీ కారణం ఉంది. నాకు ఒళ్ళు మండాలి. మండలేదు. అదే నన్ను భయపెట్టింది. ఇన్నాళ్ళూ నేను ఆసుపత్రి గోడలకి తల కొట్టుకుని అడిగింది అదే కదా, కారణం. ఈవిడ చారు గిన్నెతో పాటు దాన్ని కూడా పట్టుకొచ్చింది.

నా నుదుటి మీద ప్రార్థన నూనె రాసి, ముగ్గురూ నా చుట్టూ మోకరించి బిగ్గరగా మొరపెట్టారు. నేనూ ఏడ్చాను. దొంగ ఏడుపు కాదు. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో అమ్మగారు నా రెండు చేతులూ పట్టుకుని, "దాన్ని నేను ముట్టుకోనమ్మా. నువ్వు తెచ్చుకున్నావు, నీ చేత్తోనే తీసెయ్యాలి" అంది.

తలుపు పడగానే మావారి మీద విరుచుకుపడ్డాను. "ఒట్టు ఏమైంది? నా నెత్తి మీద పెట్టిన చెయ్యి ఏమైంది?"

ఆయన సోఫాలో కూలబడ్డారు. "భయమేసింది. నువ్వు ఆ టీచర్‌కి చెప్పుకున్నావు. నాకెవరున్నారు చెప్పుకోడానికి? ఆఫీస్‌లో టీమ్ మీటింగ్‌లో చెప్పమంటావా?"

నేను ఆయన పక్కన కూర్చున్నాను. అడిగాను, "మీరు కూడా నమ్ముతున్నారా, ఆ జాడీ వల్లనని?"

"నమ్మడం కాదు. తీసేస్తే మనకి పోయేదేముంది చెప్పు? ఒక జాడీ. ఉంచితే..." అని ఆగిపోయారు.

ఉంచితే. ఆ రెండు రోజులూ ఆ మాట నన్ను పీక్కుతింది. తీసేశాక బిడ్డ దక్కితే, బాగానే ఉంది. తీసేసినా బిడ్డ పోతే, సరే, నా రాత. కానీ ఉంచుకుని, మొండికేసి ఉంచుకుని, ఆ తర్వాత బిడ్డ పోతే? ఆయన నన్నేమీ అనరు. బతికున్నన్నాళ్ళూ ఏమీ అనరు. ఆ అనకపోవడాన్ని నేను భరించగలనా? టీచరు మంచిదే. ఆ డ్రాగనూ మంచిదే. నాకు తెలుసు. తెలిసి కూడా ఆ గదిలోకి వెళ్ళినప్పుడల్లా చెయ్యి పొట్టకి అడ్డం పెట్టుకోవడం మొదలెట్టాను.

సోమవారం లంచ్ టైమ్‌లో జాడీని బేస్‌మెంట్‌లో బట్టలుతికే తొట్టి దగ్గరికి తీసుకెళ్ళాను. మెట్లు దిగవద్దని డాక్టరు చెప్పింది. అయినా దిగాను. పగలగొట్టడానికి మనసొప్పలేదు, చెత్తబుట్టలో వెయ్యడానికి అసలే ఒప్పలేదు. తొట్టిలో నిలబెట్టి కుళాయి తిప్పాను. పచ్చి మట్టి కదా, నీళ్ళు తగలగానే చుయ్యిమని బుడగలు వచ్చాయి. ముందు మూత జారింది. తర్వాత అంచు పొరలు పొరలుగా విడిపోయింది. బూడిదరంగు పొలుసులు నీళ్ళలో తేలి, చెదిరి, మాయమయ్యాయి. వీపు పోయింది. మెడ పోయింది. ఎక్కువసేపు పట్టలేదు. తొట్టి అడుగున పెరుగులాంటి తెల్లటి బురద మిగిలింది.

"ఇది తీసుకో ప్రభువా. అది నాకుంచు" అన్నాను, పైకే అన్నాను. బేరమే. నాకు సిగ్గనిపించలేదు.

టీచరుకి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పేశాను, మా చర్చి సంగతి, నీళ్ళ సంగతి అన్నీ. అంతా విని ఆవిడ, "ఆ మట్టి సింక్‌లో పొయ్యకు, పైపు పూడుకుపోతుంది. బకెట్‌లోకి తీసిపెట్టు, నేను తీసుకెళ్తాను" అంది. ఆ తర్వాత, "బిడ్డ బాగుందా?" అంది. బాగుందన్నాను. "అయితే చాలు. జాడీదేముంది, మళ్ళీ చేస్తాను" అంది. ఆవిడ నన్ను నాలుగు తిట్టి ఉంటే బాగుండేది.

ఆ తర్వాతి స్కాన్‌లో అంతా సవ్యంగా ఉంది. రక్తం ఆగిపోయింది. బిడ్డ చెయ్యి నోటి దగ్గర పెట్టుకుంది. ఆడపిల్ల అని కూడా చెప్పారు. కారులో కూర్చుని ఇద్దరం స్టీరింగ్ మీద పడి ఏడ్చాం. మావారు పార్కింగ్‌లోంచే అమ్మగారికి ఫోన్ చేశారు. ఆ ఆదివారం చర్చిలో నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. మైకు ముందు నిలబడి చెప్పాను, ఘటసర్పాన్ని నా చేత్తో నేనే తీసేశాను, దేవుడు నా బిడ్డని నిలబెట్టాడు అని. అందరూ చప్పట్లు కొట్టి స్తోత్రం చెప్పారు. నేను నమ్మే చెప్పాను. అప్పుడు నమ్మలేదని ఇప్పుడు కబుర్లు చెప్తే అది అబద్ధం. నా బిడ్డని నిలబెడతానంటే ఎవరేం చెప్పమన్నా చెప్పేదాన్ని.

ఐదో నెల నిండకముందే, ఎండగా ఉన్న ఒక మధ్యాహ్నం, మీటింగ్‌లో మాట్లాడుతూ ఉండగా నడుం పట్టేసింది. ఉమ్మనీరు పోయింది. ఆంబులెన్స్ వచ్చేసరికే నాకు తెలిసిపోయింది.

చిన్న మనిషి. నా అరచేతిలో పట్టేసింది. కళ్ళు మూసుకునే ఉంది. డాక్టరు మంచం పక్కన కూర్చుని నా చెయ్యి పట్టుకుని మొదలెట్టింది, "కారణం అంటూ..." వద్దు, ఆపండి అన్నాను.

మావారు కింద కాగితాల మీద సంతకాలు పెడుతుండగా ఒక నర్సు వచ్చింది. ఒక చిన్న తెల్ల కార్డు తెచ్చి ఇచ్చింది. పాప పాదాలకి సిరా అద్ది దాని మీద వేయించారట, తల్లులకి ఇలా ఇస్తారట. రెండు నల్లటి పాదాలు, గోరంత గోరంత వేళ్ళు. ఎడమ పాదం మడమ దగ్గర కాస్త చెదిరింది. చుట్టూ అంతా ఉత్త తెలుపు. నేను దాన్ని హ్యాండ్‌బ్యాగ్ లోపలి అరలో పెట్టుకున్నాను. ఆయనకి చూపించలేకపోయాను.

ఇంటికొచ్చిన మర్నాడు అమ్మగారూ సిస్టర్సూ వచ్చారు. ఈసారి చారు తెచ్చారు, జడ వెయ్యలేదు. పక్కన కూర్చుని ఓదారుస్తూనే ఉన్నారు గానీ వాళ్ళ కళ్ళు నా మీద లేవు. గోడల మీద తిరుగుతున్నాయి, షెల్ఫుల మీద తిరుగుతున్నాయి, టీవీ వెనక్కి కూడా వెళ్ళొస్తున్నాయి. జాడీ పోయింది కదా, మరి ఇంకేముంది ఈ ఇంట్లో అని వెతుకుతున్నాయి. వాళ్ళు వెళ్ళాక నేను గదిలోకి వెళ్ళి పడుకున్నాను.

లేచి వచ్చేసరికి హాల్లో మావారు పెద్ద నల్ల చెత్తసంచి విప్పుకుని కూర్చున్నారు. సంచిలో నా కుంచెలు, సిరా రాయి, క్లాసులో నేను వేసిన కాగితాల చుట్టలు, మొదటిరోజు అద్దం వెనక చూసిన, తర్వాత టీచరు నాకే ఇచ్చేసిన ఆ పార్కింగ్ లాట్ బొమ్మ. ఆయన ముఖం చూస్తే కోపం లేదు. రోజుల తరబడి గడ్డం గీసుకోని ముఖం, ఎర్రటి కళ్ళు. పాపం, ఆయనకీ కారణమే కావాలి. నన్ను చూసి, నాకు వినబడీ వినబడనట్టు అడిగారు.

"ఇంకేమైనా ఉందా ఇంట్లో? ఆవిడ దగ్గర్నుంచి తెచ్చినవి, సిరాతో వేసినవి... ఏమున్నా ఇచ్చెయ్. ఒక్కటి కూడా ఉంచొద్దు. ఈసారి ఏదీ మిగలకూడదు."

నేను లోపలికెళ్ళి హ్యాండ్‌బ్యాగ్ తెచ్చాను. అరలోంచి కార్డు తీసి ఆయన చేతిలో పెట్టాను.

"ఇదీ సిరాతో వేసిందే. ఇదీ వెయ్యండి."

ఆయన ముందు అర్థం కాక అటూ ఇటూ తిప్పారు. తర్వాత అర్థమైంది. బొటనవేలు ఆ ఎడమ పాదం మీదికి వెళ్ళింది, ముట్టుకోలేదు. కార్డుని రెండు చేతులతో పట్టుకుని అలాగే కూర్చుండిపోయారు.

నేను ఆయనకెదురుగా సంచి మూతి రెండు చేతులతో విప్పి పట్టుకుని నిలబడ్డాను. "వెయ్యండి" అన్నాను మళ్ళీ.